దొంగ గ్రహణం

మా వీధి పిల్లలకు నేనంటే భయం లేదు. బడి నుంచి వస్తూ వస్తూ మా అరుగు మీద కూలబడి, సంచులు పక్కన పడేసి, నోటికి వచ్చిన ప్రశ్న అడుగుతారు. చందమామ మీద నిలబడి రాయి విసిరితే ఎక్కడ పడుతుంది? చేపకు దాహం వేస్తుందా? కత్తి తగిలింది ఉల్లిగడ్డకైతే మన కళ్లెందుకు మండుతాయి? చేతిలో పని ఆపకుండానే జవాబు చెబుతాను. రాయి చందమామ మీదే పడుతుంది, కాకపోతే ఇక్కడికన్నా తీరిగ్గా, చాలా దూరం పోయి పడుతుంది. ఉల్లిగడ్డ ఘాటు గాలిలో కలిసి కంటిదాకా వస్తుంది, కన్ను దాన్ని కడుక్కోవడానికి నీళ్లు పెట్టుకుంటుంది. చేప సంగతి నాకు తెలియదు, మీ సారును అడగండి. తెలిసింది తెలుసని, తెలియనిది తెలియదని చెప్పడానికి నేను ఏనాడూ సిగ్గుపడలేదు. సగం తెలిసి మొత్తం తెలిసినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న రెండు జడల పిల్ల ఒకతె అడిగింది. "అవ్వా, గ్రహణం పట్టినప్పుడే రోకలి నిలవడ్తదట. మా నాయినమ్మ చెప్పింది. నిజమేనా?"

నేను చిక్కుడుకాయలు ఒలవడం ఆపాను. "అబద్ధం, ఎప్పుడైనా నిలవడ్తది" అని చెప్పి పంపించాను గానీ, ఆ పిల్లకు నేను చెప్పింది జవాబులో పిసరంత. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది ఆలేరులో. మా నాయిన రైల్వేలో, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషను పక్కన పెరిగిన పిల్లకు ప్రశ్నలు ఊరికే పుడతాయి. దూరాన పట్టాల మీద కూలీలు సుత్తితో కొడుతుంటే, సుత్తి పడింది ముందు కనబడేది, చప్పుడు ఆ తర్వాత వినబడేది. ఎందుకని నాయినను అడిగితే, "చూపు ఉరుకుతది బిడ్డా, చప్పుడు నడుస్తది" అన్నాడు. ఇంతకన్నా బాగా ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో తరగతి దాకా చదివించి, దేవరకొండ అవతల ఒక మెట్ట ఊరికి కోడలిగా పంపాడు. జొన్నలు, ఆముదాలు, కందులు పండే ఊరు. వాన పడితే తిండి, పడకపోతే ఆకాశం వంక చూడటం. అక్కడ రైలూ లేదు, బడీ లేదు. కానీ మా అత్తమ్మ ఉంది.

అత్తమ్మ పొడుగు మనిషి, గొంతు అంతకన్నా పెద్దది. ఊళ్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆమె జవాబు కోసం ఆలోచించడం నేను చూడలేదు. కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లగుంటయి అంటే, "కుండకు చెమట వడ్తది. చెమట వట్టినోనికి గాలి తాకితే సల్లగుండదా?" అనేది. ఆ జవాబు సరైనదే. చుక్కలు ఎందుకు మిణుకుమంటయి అంటే, "మీద గాలి ఎక్కువ, దీపం ఊగుతది" అనేది. అది సగం సరైనది, ఆ మిగతా సగం నాకూ చాలా కాలానికి గానీ తెలియలేదు. చందమామ మనెంట ఎందుకొస్తడు అని ఒక పిల్లవాడు అడిగితే, "ఆయనకు వేరే పనేమున్నది?" అని కసిరింది. నైజాం మీదికి ఢిల్లీ సైన్యం వచ్చిన పోలీసు యాక్షను నాడు మా కందిచేల మీదుగా విమానాలు పోయాయి. ఆడవాళ్లు చెంబులు కింద పడేసి ఇళ్లలోకి ఉరికారు. అత్తమ్మ మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిట్లోనే నిలబడి చూసింది. అది కింద పడదా అని పక్కింటామె గడప లోపలి నుంచే అడిగితే, "ఆగితే వడ్తది. అందుకే ఆగుతలేదు" అంది. తర్వాత ఎన్నో ఏళ్లకు మా మనవడి పుస్తకంలో విమానం పాఠం చదివి నేను ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.

నాకూ ఆమెకూ మొదటి పేచీ రావలసింది రోకలి దగ్గరే. నేను కాపురానికి పోయిన కొత్తలో సూర్యగ్రహణం వచ్చింది. మా దగ్గర గ్రహణం పట్టగానే ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్లు పోసి, అందులో రోకలిని నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపు అది ఏ ఆసరా లేకుండా నిలబడుతుందని, విడుపు కాగానే తనంతట తాను పడిపోతుందని అందరి నమ్మకం. మబ్బు పట్టి సూర్యుడు కనబడకపోతే రోకలిని చూసే గ్రహణం పట్టిందో లేదో తేల్చుకునేవాళ్లు. మా రోకలి అడుగున కొత్త ఇనుప పొన్ను వేయించారు, చదునుగా ఉండేది. చక్కగా నిలబడింది. వారం పది రోజులు పోయాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఏ గ్రహణమూ లేని పూట నేను మళ్లీ నిలబెట్టాను. నిలబడింది. నీళ్లు తీసేసి నిలబెట్టాను. అప్పుడూ నిలబడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తమ్మ.

తిడుతుందనుకున్నాను. దగ్గరికి వచ్చి రోకలిని పడేసి, తానే మళ్లీ నిలబెట్టింది. కాసేపు దాని చుట్టూ తిరిగి చూసింది.

"గిన్నేండ్ల సంది గ్రహణం నాడే ఎందుకు నిలవెట్టినం?" అంది.

"వేరేనాడు ఎవరూ నిలబెట్టలే గద అత్తమ్మా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "నీ నోరు మంచిది గాదు పిల్లా. గీ ముచ్చట బయట అనకు, మొగోళ్లు నవ్వుతరు" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. అత్తాకోడళ్ల మధ్య ఒక రహస్యం ఉంటే ఆ ఇంట్లో కాపురం సుఖంగా ఉంటుంది, కనీసం మా ఇంట్లో ఉండింది.

అవి సంఘం రోజులు. దొరల వెట్టికి ఎదురు తిరిగిన జనం ఊరూరా సంఘం కట్టారు. మా మరిది అందులో చేరి ఇల్లు విడిచాడు. పోలీసు యాక్షను తర్వాత పాలన మారింది, జెండా మారింది, దొర కొన్నాళ్లు పట్నంలో ఉండి మళ్లీ వచ్చాడు. కొత్త మిలటరీ సంఘంవాళ్ల కోసం ఊళ్లు గాలించడం మొదలుపెట్టింది. పట్టుబడ్డవాళ్లను క్యాంపుకు తీసుకుపోయేవాళ్లు. అక్కడి నుంచి కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. మా మరిది నల్లమల వైపు, అచ్చంపేట అడవుల్లో ఉన్నాడని మాత్రం తెలుసు. అత్తమ్మ అన్నం ముద్ద కలుపుతూ కలుపుతూ ఒక్కోసారి ఆగిపోయేది.

ముసురు పట్టిన ఒక పొద్దున మరిది పెరటి దడి దాటి వచ్చాడు. ఒళ్లంతా జ్వరం, నిలబడలేకపోతున్నాడు. మా ఆయన ఆముదాలు వేసుకుని బండి మీద దేవరకొండ పోయాడు. ఇంట్లో అత్తమ్మ, నేను. నేను అప్పటికి ఏడో నెల గర్భిణిని. మరిదికి ఇంత గంజి తాగించామో లేదో, ఊరి మొదట్లో ఈలలు వినిపించాయి. మిలటరీ ఇల్లిల్లూ వెతుకుతోంది.

పెరట్లోంచి పంపిద్దామంటే కాళ్లలో సత్తువ లేదు. లోపలి అర్రలో జొన్నల గుమ్మి ఉంది. తడికతో అల్లి పేడతో అలికిన మనిషెత్తు గాదె అది. జొన్నలు అడుగుకు వచ్చాయి. మరిదిని అందులోకి దింపి, మీద మూత వేసి, అత్తమ్మ నన్ను చూసింది. "గుమ్మికి అడ్డంగ చాప ఏసుకోని పండు. ఎల్లెలుకల పండు, కదలకు." నేను వెల్లకిలా పడుకున్నాను. ఆమె తాంబాళం తెచ్చి అర్ర గడప ముందు బండ మీద పెట్టింది. పసుపు నీళ్లు పోసింది. రోకలిని తెచ్చి నిలబెట్టింది. తర్వాత కొప్పు విప్పుకుని, ఆ పక్కన కూర్చుని దేవుడి పేర్లు చదవడం మొదలుపెట్టింది.

చాప మీద పడుకున్న నాకు అప్పుడు తట్టింది, సూర్యగ్రహణం అమాస నాడే వస్తుందని. ఆ రోజు అమాస కాదు, దరిదాపుల్లో కూడా లేదు. చెబుదామంటే బూట్ల చప్పుడు వాకిట్లోకి వచ్చేసింది.

వచ్చినవాడు జమేదారు, ఎక్కడో దక్షిణాది మనిషి. వెంట నలుగురు సిపాయిలు, దారి చూపడానికి మా ఊరి పట్వారీ. జమేదారు రెండంగల్లో గడప దాకా వచ్చి, రోకలిని చూసి టక్కున ఆగాడు. తలెత్తి ఆకాశం చూశాడు. నల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. మళ్లీ రోకలిని చూశాడు. వాళ్ల దేశంలోనూ ఇదే ఆచారం ఉందని నాకు తర్వాత తెలిసింది.

"గ్రహణ్?" అన్నాడు.

"గ్రహణ్, గ్రహణ్" అంది అత్తమ్మ. లోపలికి చెయ్యి చూపించింది. "పిల్ల కడుపుతోనున్నది. నీడ వడొద్దు."

పట్వారీ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల అమాస గాదు గదనే పెద్దమ్మా. పంచాంగంల లేదు."

 అత్తమ్మ తల కూడా తిప్పలేదు.

"గిది దొంగ గ్రహణం పంతులూ. పంచాంగానికి దొరికితే గది దొంగెట్లయితది?"

పట్వారీ నోరు తెరిచి, రోకలిని చూసి, మూసుకున్నాడు. ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. జమేదారు మాత్రం నోట్లోని తమలపాకు ఉమ్మేసి, వెనక్కి రెండడుగులు వేశాడు. వచ్చీరాని ఉర్దూలో తన భార్య కూడా నిండు మనిషని చెప్పాడు. కొట్టం, గడ్డివాము వెతికించి, అర్ర గడప తొక్కకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి కథ. పిల్లలకు చెప్పి నవ్వించేదాన్ని.

దొంగ గ్రహణం పట్టిందన్న మాట మిలటరీకన్నా ముందే ఊరంతా తిరిగింది. నమ్మనివాళ్లు తమ ఇళ్లలో రోకళ్లు నిలబెట్టి చూశారు. నిలబడ్డాయి. ఎందుకు నిలబడవు? ఇంక ఎవరికీ అనుమానం మిగలలేదు. వండిన అన్నాలు పారబోశారు, పచ్చడి జాడీల మీద గరిక వేశారు, గర్భిణులను చాపల మీద పడుకోబెట్టారు. చూసేవాళ్లకు అనుమానం రాకుండా అత్తమ్మ కూడా మా అన్నం కుండ పెంట మీద ఒంపింది. గుమ్మిలో మా మరిది ఆకలితో మూలుగుతున్నాడు. అసలు తంటా విడుపు దగ్గర వచ్చింది. రోకలి పడితే కదా విడుపు, ఏ ఇంట్లోనూ రోకలి పడదే! ఊరు ఊరంతా ఆకలితో రోకళ్ల చుట్టూ కూర్చుంది. ఒక ఇంట్లో మేక గుద్దితే పడిందట, వాళ్లు సంతోషంగా పొయ్యి అంటించారు. ఇంకొక ఇంట్లో కోడి ఎగిరి పుణ్యం కట్టుకుంది. మా ఇంట్లో మాత్రం అది నిలబడే ఉంది. మిలటరీ ఊరు దాటిందని తెలిశాక, పొద్దు గూకకముందే, జ్వరం కాస్త దిగిన మరిదిని పెరటి దారిన పంపేసి వచ్చి అత్తమ్మ అలాగే కూలబడింది. రోకలి సంగతి మరిచిపోయింది. తెల్లారి ఆమే దాన్ని ఎత్తి మూలన పెట్టింది.

ఆ తర్వాత నాకు ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

మన భాషలో దానికి వేరే మాట లేదు, గ్రహణం మొర్రి అనే అంటారు. మంత్రసాని ఆ మాట అనగానే అర్రలో ఉన్న ఆడవాళ్లంతా ఒకేసారి నిట్టూర్చారు. ఎవరూ ఏమీ అడగలేదు, అందరికీ జవాబు తెలుసు. దొంగ గ్రహణం నాడు కోడలు కదిలింది. లేకపోతే గోక్కుంది. లేకపోతే పక్కకు తిరిగింది. ఆ రోజు నేను కట్టె లాగా పడుకున్నాను, ముక్కు మీద ఈగ వాలినా తోలలేదు. ఆ మాట చెప్పినా నమ్మేవాళ్లు లేరు. అసలు గ్రహణమే లేదని చెబుదామంటే, ఎందుకు అబద్ధమాడారో కూడా చెప్పాలి. మరిది ఇంకా అడవిలో ఉన్నాడు, క్యాంపు ఇంకా ఊరి పక్కనే ఉంది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను అంత కష్టపడి చేసిన పని ఇంకొకటి లేదు.

బిడ్డకు రొమ్ము పట్టుకుని తాగడం చేతకాదు. పాలు పిండి, ఉగ్గుగిన్నెతో, బిడ్డను నిలువుగా పట్టుకుని చుక్క చుక్క పోయాలి. ఆ పని అత్తమ్మ చేసేది. ఎంత ఓపికగా చేసేదో చెప్పలేను. కానీ ఆమె నోరు మూతపడింది. ఎవరైనా వాకిట్లోకి వచ్చి ఏదైనా అడిగితే, "ఏమో" అని లోపలికి పోయేది. కొన్నాళ్లకు అడగడానికి రావడమే మానేశారు. అంత పెద్ద గొంతు ఉన్న ఇల్లు అట్లా మూగపోయింది.

ఒక మధ్యాహ్నం నేను తాళలేకపోయాను. ఎండ ఫెళ్లున కాస్తోంది. తాంబాళం తెచ్చి ఆమె ముందు పెట్టి, రోకలిని నిలబెట్టాను.

"చూడు అత్తమ్మా. ఇయ్యాల ఏ గ్రహణం? మీద సూర్యుడు నిండుగున్నడు. నిలవడ్డదా లేదా? నీకు తెల్సిన ముచ్చటే గద ఇది, ఇద్దరం కలిసే చూసినం గద!"

ఆమె రోకలిని చూసింది. బిడ్డను గుండెకు అదుముకుంది.

"ఆనాడు గది పడలే బిడ్డా. నేనే ఎత్తి మూలకు వెట్టిన. పట్టు జెప్పిన గని విడుపు జెప్పలే. చూడు, ఇంక నిలవడే ఉన్నది. మనిల్లు విడువలే."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కోపంతో వచ్చిన ఏడుపు అది. నేను ఏ రోకలితో అబద్ధమని చూపిస్తున్నానో అదే రోకలి ఆమెకు రుజువు అయింది. ఇంకొక సాక్ష్యం తెచ్చాను. మా చేనుకు కూలికి వచ్చే ఒకామె అప్పుడు నాలాగే గర్భిణి. ఆ రోజు గ్రహణం కబురు ఆమెకు అందలేదు. సాయంత్రం దాకా గుట్ట కింద కొడవలి పట్టుకుని గడ్డి కోసింది. ఆమె కొడుకు నిక్షేపంగా ఉన్నాడు. ఆ పిల్లవాడిని చంకనేసుకుని వచ్చి, "పెద్దమ్మా, కొడవలి వట్టింది నేను, పండుకున్నది నీ కోడలు. మరి నా కొడుక్కు రావాలె గద" అని ఆమే స్వయంగా అడిగింది. ఎంత మంచి ప్రశ్న! దానికి ఏ పండితుడూ తిరుగు చెప్పలేడు. అత్తమ్మ చెప్పింది. "నువ్వు గ్రహణాన్ని పిలువలే. నేను పిలిచిన."

ఊరేమో నేను కదిలానంటుంది, ఆమేమో తాను పిలిచానంటుంది. నడుమ నా బిడ్డ.

ఏడాది నిండిన తర్వాత బిడ్డను పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ పెదవి కుట్టింది. సన్నటి గీత మిగిలింది, అంతే. నేను ఆమెను వదలకుండా అడిగాను. కడుపులో బిడ్డకు పెదవి మొదటి మూడు నెలల్లోనే అతుక్కుంటుందని, అది అతుక్కోకపోతే ఇట్లా పుడతారని చెప్పింది. ఏడో నెలలో ఏం జరిగినా పెదవికి సంబంధం లేదంది. ఎందుకు అతుక్కోదు అంటే, "ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదమ్మా" అంది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఇంటికి వచ్చి ప్రతి ముక్కా అత్తమ్మకు చెప్పాను. విన్నది, మనవరాలి పెదవి మీద గీతను వేలితో తడిమింది, లేచిపోయింది.

బిడ్డ నడక నేర్చింది, మాటలు నేర్చింది. ఊళ్లో దాన్ని ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు. "దొంగ గ్రహణమా, ఇటు రావే" అని పిలిచేవాళ్లు. తిట్టినట్టు కాదు, ముద్దుగానే. చేతిలో బెల్లం ముక్క పెట్టి మరీ పిలిచేవాళ్లు. అదే నాకు కత్తి దిగినట్టు ఉండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. బెల్లం పెట్టేవాళ్లతో ఎట్లా కొట్లాడను? ఈ పేరుతోనే ఇది పెద్దదవుతుంది, ఈ పేరుతోనే దీన్ని చూడటానికి వచ్చేవాళ్లకు చెబుతారు, ఆ రోజు వాళ్లమ్మ కదిలిందని దీనికీ చెబుతారు, ఇది నమ్ముతుంది. నాకు ఉన్న భయమంతా ఇదే. మిలటరీకి కూడా నేను ఇంత భయపడలేదు.

పోరాటం ఆగిపోయింది. మరిది కొంతకాలం జైల్లో ఉండి ఇంటికి వచ్చాడు. చూడటానికి వాకిలి నిండా జనం. నేను చెప్పకముందే మా ఆయన అతనికి అంతా చెప్పినట్టున్నాడు. మరిది మంచం మీద నుంచి లేచి, అందరి ముందూ నాకు చేతులు జోడించాడు. "వదినె మీద నిందలెయ్యకుండ్రి. ఆనాడు గ్రహణం లేదు. నన్ను గుమ్మిల దాచి, మా అవ్వ మిలటరోళ్లకు అబద్ధం జెప్పింది" అన్నాడు.

ఇన్నేళ్లు మోసిన బరువు దిగిపోయిందనుకున్నాను.  పక్కింటామె జాలిగా నవ్వింది.

"నువ్వు గుమ్మిల ఉంటివి గదరా కొడుకా. నీకెట్ల తెలుస్తది? రోకలి నిలవడ్డది మేం జూసినం. మా ఇంట్ల గూడ నిలవడ్డది."

"మా ఇంట్ల గూడ" అన్నారు ఇంకొకరు. "మేక గుద్దెదాంక పడనే లేదు" అన్నారు మేకవాళ్లు. అందరూ తలలూపారు.  దొరనూ మిలటరీనీ ఎదిరించిన మరిదికి రోకలిని ఎదిరించడం రాలేదు.

అప్పుడే ఆ పక్కింటామె కొంగు ముడి విప్పుతూ పిలిచింది. "దొంగ గ్రహణమా, రావే, పుట్నాలు వెడ్త."

అంతమంది కాళ్ల మధ్య నుంచి నా బిడ్డ "ఆఁ, ఒస్తున్న" అంటూ ఉరికింది. తన పేరు విన్నట్టే ఉరికింది.

గుమ్మంలో కూర్చున్న అత్తమ్మ ఆ పరుగు చూసింది. ఆమె ముఖం మారడం నేను చూశాను. లేచి నిలబడింది. ఎన్నాళ్లకో ఆమె గొంతు వాకిలంతా వినబడింది.

"ఆగుండ్రి. నా నోటితోని చెప్తున్న, ఇనుండ్రి. గ్రహణం లేదు. నా కొడుకు పానం కోసం నేను అబద్ధమాడిన. రోకలిది ఏమున్నది, అడుగు సాఫుగుంటే ఎన్నడైనా నిలవడ్తది, పోయి మీ ఇండ్లల్ల ఇప్పుడే నిలవెట్టి చూడుండ్రి. నా కోడలు కదలలే. నా మనవరాలికి ఏ నీడా తాకలే."

"మరి పెదివి గట్లెందుకైంది పెద్దమ్మా?" పక్కింటామె అడిగింది. ఆమె మాటలో కుళ్లు లేదు, నిజంగానే అడిగింది. వాకిలంతా అత్తమ్మ వైపు చూసింది.

అత్తమ్మ నా వైపు చూసింది. 

"నాకు ఎరుక లేదు" అంది.

తర్వాత వంగి, ఆ పుట్నాల చేతి దాకా పోయిన పిల్లను వెనక్కి తీసుకుని, ఎదుట నిలబెట్టుకుంది. పేరు పెట్టి పిలిచింది. పురుటి మంచం మీద ఆమే పెట్టిన పేరు. "నీ పేరు గిది. వేరేది నీ పేరు గాదు. గది వెట్టి ఎవలు పిలిచినా పలకకు. బెల్లం వెట్టినా పలకకు. ఇన్నవా?"

బిడ్డ తలూపింది, అర్థమైందో లేదో తెలియదు. జనం కాసేపు గొణుక్కుని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. కొందరు రోకళ్లు నిలబెట్టి చూశారని తర్వాత విన్నాను. చూసినవాళ్లలో ఒకామె మళ్లీ దొంగ గ్రహణం పట్టిందని ఇంట్లో అన్నం పారబోసిందట. అది కూడా నిజమే అయి ఉంటుంది.

మర్నాడు నేను నీళ్లకు పోతుంటే పిల్ల నా వెంట వచ్చింది. బావి దగ్గర ఎవరో అలవాటుగా, "దొంగ గ్రహణమా, ఎటు వోతున్నవే?" అన్నారు. నా చెయ్యి పట్టుకున్న చిన్న చెయ్యి బిగుసుకుంది. నా బిడ్డ తిరిగి చూడలేదు.